గుండెకు రెండు సున్నాలు

ఇది చదివి ఎవరూ భయపడనక్కర్లేదు. అందరి తరఫునా సరిపడా నేనే భయపడి ఉన్నాను. ఇప్పుడు పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, నడుమ ఉప్పు తగ్గించిన పప్పు. ఈ మూడింటిలో తట్టుకోలేనిది మూడోదే. గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. కొంత నా మనసు కుదుటపడడానికి, కొంత నాలాంటి అనుమానప్పక్షి ఎవరైనా ఆ స్కానింగు గొట్టంలోకి వెళ్ళవలసి వస్తే ముందుగా ఒక మాట చెవిన వేయడానికి.

అనుమానం నాకు జబ్బు కాదు, ఉద్యోగం. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. పరీక్షల కాలంలో నన్ను ఫ్లయింగ్ స్క్వాడ్‌లో వేస్తారు. అంటే చెప్పాపెట్టకుండా పరీక్ష హాళ్ళ మీద పడి కాపీ కొట్టేవాళ్ళను పట్టుకునే బృందం. ఇరవై ఏళ్ళలో మేజోళ్ళలోంచి, కాలర్ మడతల్లోంచి, కంపాస్ బాక్సుల్లోంచి చీటీలు తీశాను. ఒకడి చేతికట్టు విప్పిస్తే ప్రాథమిక హక్కులన్నీ బయటపడ్డాయి. రెండు జవాబు పత్రాలు పక్కపక్కన పెడితే ఎవరు ఎవరిది చూసి రాశారో నిమిషంలో చెప్పగలనని మా దగ్గర పేరుంది. ఆ పేరే నా కొంప ముంచింది, తర్వాత అదే తేల్చింది కూడా.

తొంభై ఎనిమిది జూన్. సాయంత్రాలు అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. క్లాసు మూడో అంతస్తులో. మే నెల నుంచే మెట్లు ఎక్కువైనట్టు అనిపించింది. యజమాని వేసవి సెలవుల్లో రెండు మూడు మెట్లు కలిపించి ఉంటాడని ఊరుకున్నాను. ఒకరోజు ఆదేశిక సూత్రాలు చెబుతూ బోర్డు మీద 'సంక్షేమ రాజ్యం' అని రాశాను. ఎదకు ఎవరో అడ్డంగా తాడు కట్టి బిగించినట్టయింది. బోర్డు పక్కకు ఒరిగింది. నేనే ఒరిగానని తర్వాత చెప్పారు.

మహబూబ్‌నగర్ పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే యాదమ్మ అందరికంటే ముందు లేచి కుర్చీ లాగింది. "కూసోండ్రి సార్. సంక్షేమం రేపు చెప్పొచ్చు."

మర్నాడు నారాయణగూడలో ఒక గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేనూ, నా భార్య విజయా, అడిక్‌మెట్‌లో ఉండే మా బామ్మర్ది సత్యం. వెయిటింగ్ రూములో మంచినీళ్ళ గ్లాసుకు గొలుసు కట్టి ఉంది. గ్లాసు విషయంలో కూడా పేషెంట్లను నమ్మని మనిషి, నా మాటలు నమ్ముతాడా అనుకున్నాను. ఆయన బీపీ చూసి కనుబొమలెత్తాడు. ఈసీజీ తీయించాడు, ఎకో తీశాడు. నా ఊపిరితిత్తులు అడ్డం వచ్చి బొమ్మ సరిగ్గా పడలేదట. "గుండె కండ మందంగా ఉన్నట్టే ఉంది, కానీ ఎంత అన్నది దీంతో చెప్పలేను" అన్నాడు. ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా అని అడిగాడు.

పోయారు. అంబర్‌పేటలో ఉండే మా అన్న. నలభై ఆరేళ్ళు. ఒక పెళ్ళిలో వడ్డిస్తూ వడ్డిస్తూ సాంబారు బకెట్ కింద పెట్టి, పక్కనే కూర్చుని, మళ్ళీ లేవలేదు. చుక్క సాంబారు ఒలకలేదు. అంత జాగ్రత్తపరుడు. డాక్టర్లు గుండె అన్నారు, చుట్టాలు దిష్టి అన్నారు. దిష్టికి పరీక్షలుండవు కాబట్టి మేమందరం దిష్టినే నమ్మాం.

అది విని డాక్టరు నన్ను బయట కూర్చోమన్నాడు. "పేషెంటు తరఫువాళ్ళు లోపలికి రండి."

మన దగ్గర ఇదొక ఆచారం. జబ్బు ఒకరిది, కబురు ఇంకొకరికి. తలుపు మూసుకుంది. గొలుసు గ్లాసూ నేనూ మిగిలాం. పావుగంట తర్వాత విజయ చీర చెంగు సర్దుకుంటూ వచ్చింది. సర్దుకోవాల్సినంతగా అదేమీ జారలేదు. సత్యం నా భుజం మీద చేయి వేసి, "ఏం లే బావ, జర రెస్ట్ తీసుకోమన్నడు" అన్నాడు. దారిలో దిగి నాకు బత్తాయిలు కొన్నాడు. మా పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. సత్యం నాకు ఏదైనా కొనడం అదే మొదలు. నా పని అయిపోయిందని అప్పుడే రూఢి చేసుకున్నాను.

ఆ వారం మా చిక్కడపల్లి ఇంట్లో అందరూ నాతో మర్యాదగా మాట్లాడారు. అంతకంటే భయంకరమైన లక్షణం డాక్టరు పుస్తకాల్లో ఉండదు. అశోక్‌నగర్‌లో, "పైన ఫ్యాన్ పాడైంది సార్, కింద హాల్లనే క్లాసు" అన్నారు. నమ్మకం కుదరక మర్నాడు మెల్లగా పైకెక్కి చూశాను. ఫ్యాన్ సుబ్బరంగా తిరుగుతోంది. దిగి వచ్చి కింద హాల్లోనే పాఠం చెప్పాను. ఎక్కి చూశానని వాళ్ళకు తెలుసు.

ఇంట్లో మాత్రం నిఘా పెట్టాను. మొదట దొరికింది మా అమ్మాయి స్వప్న. అప్పటికి దానికి పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తుతుంది. పొద్దున ఐదింటికే లేచి సైకిల్ మీద అడిక్‌మెట్ దాటి యూనివర్సిటీ మైదానానికి పోయేది. ఆగస్టులో జిల్లా ఎంపికలు. అలాంటి పిల్ల నాలుగు రోజులుగా ఏడింటిదాకా పడుకుంటోంది. ఐదో రోజు నేను బియ్యం డ్రమ్ము వెనక దాని బూట్లు చూశాను.

"స్వప్నా, నీ బూట్లెక్కడున్నయ్?"

"పాలిష్‌కిచ్చిన డాడీ."

"కాన్వాస్ బూట్లు పాలిష్‌కా?"

అది తల్లి వైపు చూసింది. హాల్లో పక్కవాడి వైపు చూసేవాళ్ళను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. విజయ స్టవ్ ఆపేసి కింద కూర్చుంది.

"మీకు గూడ మీ అన్న లెక్కనే కండ మందమైతే, అది రక్తంల వచ్చేదట. పిల్లకు గూడ ఉండొచ్చునట. దానికి ఎకో తీయిస్తిమి, మంచిగనే ఉన్నది. కానీ ఈ వయసుల కనపడకపోవచ్చు అన్నడు డాక్టర్. మీది తేలేదాంక పిల్లను ఉరకనియ్యొద్దన్నడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఊకుంటరా? డాక్టర్ను గూడ చెకింగ్ చేస్తరు."

తలుపు వెనక వాళ్ళు పావుగంట మాట్లాడింది నా గురించి కాదు. అది తెలిశాక నా గుండెను తేలిగ్గా తీసుకోవడం నాకు చేతకాలేదు. అంతవరకూ అది నా ఒక్కడి ఆస్తి అనుకున్నాను.

జూలై మొదటి వారం. అయస్కాంతంతో తీసే స్కానింగు గురించి డాక్టరు చెప్పాడు. దాంతో గుండె ఎంత రక్తం పడుతుందో, కండ ఎన్ని గ్రాములుందో కొలవచ్చట. ఊళ్ళో గుండెకు ఆ పని అప్పుడప్పుడే మొదలైంది. బతికున్న మనిషి గుండెను తీయకుండా తూకం వేస్తామంటే నాకు రాంనగర్ చేపల మార్కెట్ గుర్తొచ్చింది. అక్కడ చేపను కళ్ళముందు తూచినా నేను నమ్మను.

సెంటర్లో వెయిటింగ్ హాలు చల్లగా ఉంది. ఒంటి మీద లోహం ఉండకూడదని ఉంగరం, వాచీ, బెల్టు తీయించారు. విజయ నాకు తెలియకుండా బనియనుకు పిన్నుతో కుట్టిన తాయెత్తు కూడా అక్కడే బయటపడింది. మిషన్ నడిపేది షాహీన్ అనే నలభై ఏళ్ళావిడ. కళ్ళజోడు, తెల్లకోటు, తొందర లేని మనిషి. నా ప్రశ్నలకు విసుక్కోని మొదటి వ్యక్తి.

"మీ గుండెను అడ్డంగ ముక్కలు ముక్కలుగ ఫోటో తీస్తం సార్. ప్రతి ముక్కల లోపలి అంచు మీద ఒక సున్నా, బయటి అంచు మీద ఒక సున్నా దిద్దుత. లోపలి సున్నాల ఉన్నది రక్తం పట్టే జాగ. రెండు సున్నాల నడుమ ఉన్నది కండ. అన్ని ముక్కలు కూడితె మొత్తం లెక్క వస్తది."

"మీరు చేత్తో దిద్దుతారా?"

"మిషన్‌కు గంత తెల్వి లేదు సార్, ఇంకా."

అంటే మార్కులు పూర్తిగా దిద్దేవాళ్ళ చేతిలో ఉన్నాయన్నమాట. నా అనుమానాల చిట్టాలో ఇంకొకటి చేరింది.

"మీరు చేయాల్సింది ఒక్కటే. ఫోటో ఫోటోకు ఊపిరి మొత్తం వదిలి ఆపాలె. నేను చెప్పేదాంక పీల్చొద్దు. ప్రతిసారి ఒక్క తీరుగ."

గొట్టంలోకి పంపారు. ముక్కుకు జానెడు దూరంలో కప్పు. అప్పటికి ఆషాఢం, మా గల్లీలో బోనాల డప్పులు మొదలయ్యాయి. ఇక్కడ ఆ డప్పులనే ఇనుప బీరువాలో పెట్టి, నన్నూ అందులోనే పెట్టి తాళం వేసినట్టుంది. చెవిలో షాహీన్ గొంతు: "వదలండ్రి... ఆపుండ్రి." మొదటి ఐదు బాగానే ఆపాను. ఊపిరంతా వదిలేసి ఖాళీగా ఉండడం మనిషికి సహజం కాదు. పొద్దున పార్కులో మాకు ప్రాణాయామం నేర్పే పెద్దాయన కూడా నిండుగా పీల్చి పట్టుకోమనే చెబుతాడు. ఆరో దానికి కళ్ళముందు అన్న పక్కన పెట్టిన బకెట్ కనిపించింది. అక్కడి నుంచి పద్ధతికి స్వల్ప సవరణ చేశాను. ఆవిడ వదలమన్నప్పుడు వదిలి, వెంటనే చాటుగా కొంచెం పీల్చి, అప్పుడు ఆపాను. ఒక్కో దానికి కొంచెం ఇంకొంచెం. రాజ్యాంగాన్నే డెబ్భై ఎనభై సార్లు సవరించుకున్న దేశం మనది.

నాలుగో రోజు రిపోర్టు. కండ బరువు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ. మళ్ళీ "తరఫువాళ్ళు లోపలికి రండి", మళ్ళీ తలుపు, మళ్ళీ గ్లాసు. ఎంపికలకు స్వప్న పేరు పంపొద్దని కాలేజీకి చెప్పెయ్యమన్నాడట. ఆ సాయంత్రం విజయ నల్లా తిప్పి పెట్టి ఏడ్చింది, చప్పుడు వినపడకుండా. మా నల్లాకు ఆ టైములో నీళ్ళు రావు.

తర్వాత పోట్లాడుకున్నాం కూడా. "మీ అన్న పోయిన్నాడే చూపెట్టుకొమ్మని మొత్తుకున్న. దిష్టి దిష్టి అని గుమ్మడికాయలు కట్టిన్రు" అంది. నేను ఆమె వైపు షుగరు చరిత్ర తీశాను. స్వప్న పుస్తకం మూసి, "మీరిద్దరు కొట్లాడండ్రి. నేను ఉరకను. అయిపోయింది గదా," అని లోపలికి పోయింది. కోపంగా అంటే బాగుండేది. నీళ్ళు తెచ్చివ్వమంటే తెచ్చిచ్చినంత మామూలుగా అంది.

మర్నాడు ఆదివారం. నేను స్కాన్ ఫిల్ములు తీసి కిటికీ అద్దానికి ఆనించాను. నాకు గుండె గురించి ఏమీ తెలియదు. కానీ నకళ్ళ గురించి తెలుసు. వరసగా గుండ్రటి ముక్కలు, నల్లటి నేల మీద గారెల్లాగా. ఏడో బొమ్మలో ఎడమ పక్క కింద ఒక చిన్న నొక్కు. ఎనిమిదో బొమ్మలో అదే చోట అదే నొక్కు. లోపలి నీడలు రెండూ అవే. ప్రశ్న వేరు, జవాబు ఒకటే. ఇరవై ఏళ్ళ అనుభవం ఒక్కసారి లేచి కూర్చుంది. ఒకే ఫోటో రెండుసార్లు కొట్టి, దాన్ని కూడా లెక్కలో కలిపి, నా బిడ్డ పరుగు ఆపించారు!

సోమవారం స్వప్నను వెంటబెట్టుకుని సెంటర్‌కు వెళ్ళాను. విజయ వస్తానంటే వద్దన్నాను. గొడవ పెద్దది అవుతుందని నా అంచనా. హాల్లో పదిమంది ఉండగా కవరు బల్ల మీద పెట్టాను.

"మేడమ్, ఏడూ ఎనిమిదీ చూడండి. ఇది కాపీ. నేను స్క్వాడ్‌లో పనిచేస్తాను."

షాహీన్ ఫిల్ము తీసి లైటు పెట్టె మీద పెట్టింది. కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు చూసింది. తర్వాత పదోదీ పదకొండోదీ కూడా చూసింది.

"కరెక్టే సార్. రెండు ఒక్క జాగలయే."

నాకు గెలుపు అలవాటే. అయినా ఇంత త్వరగా ఎవరూ ఒప్పుకోరు.

"అయితే ఇది ఫోటో కాపీ కాదు," అంది. "నిండ పీల్చితె గుండె కిందికి జరుగుతది. నా ముక్క మాత్రం అనుకున్న జాగలనే తీస్తది. పోయినసారి తీసిన జాగనే మల్ల దాని కిందికొస్తది. ఒక్క ముక్క రెండుసార్లు కూడినట్టయితది. కండ, రక్తం రెండు ఎక్కువ తేలుతయ్." ఫిల్ము మీంచి కళ్ళు తీసి నన్ను చూసింది. "సార్, మీరు వదిలి ఆపిన్రా, పీల్చి ఆపిన్రా?"

పరీక్ష హాల్లో ఆ క్షణం ఎలా ఉంటుందో నాకు ఇవతలి వైపు నుంచే తెలుసు. అవతలి వైపు కూర్చుంటే చెవులు వేడెక్కుతాయని ఎవరూ చెప్పలేదు.

"మొదట వదిలే... ఆరో దాని నుంచి కొంచెం."

"కొంచెం అంటే ఎంత డాడీ?" అంది స్వప్న.

అది నా ప్రశ్న. కొంచెమే చూశాను సార్ అనే ప్రతి పిల్లవాడిని ఇరవై ఏళ్ళుగా నేను అడిగిన ప్రశ్న.

"నెల రోజుల సంది బూట్లు డ్రమ్ము ఎన్క పెట్టుకొని కూసున్న," అంది. గొంతు పైకి లేవలేదు. "మీకు ఆయాసమైతే చెప్పొచ్చు గద. ఆపమంటే ఆపుతుండె గద ఆంటీ."

ఇంతవరకూ నేను డాక్టరును, మిషన్‌ను, సున్నాలు దిద్దే చేతిని, బత్తాయిలను, ఫ్యాన్‌ను అనుమానించాను. జాబితాలో ఒక పేరు తప్పిపోయింది.

షాహీన్ మధ్యలోకి వచ్చింది. "మీ డాడీ ఒక్కరి తప్పు కాదు బేటా. ముక్కలు పక్కపక్కన పెట్టి నేను గూడ చూస్కోవాల్సి ఉండె. నా తప్పు గూడ ఉన్నది." అంత మాట అనవలసిన అవసరం ఆవిడకు లేదు. ఆ హాల్లో పదిమంది వింటున్నారు. నేను స్క్వాడ్ అని అరిచిన గొంతు ఇంకా గోడలకు అంటుకునే ఉంది. "గురువారం రాండ్రి. మల్ల తీద్దాం. కానీ ముందు ప్రాక్టీసు."

గురువారం బెంచీ మీద కూర్చోబెట్టి నా పొట్ట మీద నా చెయ్యే పెట్టించి, వదిలి ఆపడం నేర్పింది. స్వప్న వాచీ చూస్తూ లెక్కపెట్టింది. అది పరుగుకు ఊపిరి సాధన చేసిన పిల్ల. "భుజాలు లేపొద్దు డాడీ. మల్ల లేపుతున్నరు," అని నాకు రెండుసార్లు మొట్టికాయ వేసినంత పని చేసింది. షాహీన్ నా చేతిలో రబ్బరు బుగ్గ ఒకటి పెట్టింది. "మీతోని కాకపోతే ఇది నొక్కుండ్రి. ఆగుదాం. సిగ్గు పడకుండ్రి."

ఆ బుగ్గ మొదటిసారి కూడా ఇచ్చారు. అది భయస్థులకని అనుకున్నాను. చదువుతున్నవాళ్ళకు నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే: నొక్కండి. ఈసారి మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ ఆగారు. గంట పట్టేది గంటన్నర పట్టింది. గొట్టంలో ఎవరూ చూడడం లేదని ఈసారి కూడా తెలుసు. ఖాళీ ఊపిరితో పడుకుని, చెవిలో ఆవిడ చెప్పే అంకెల కోసం ఎదురుచూశాను. బకెట్ మళ్ళీ కనిపించింది. కనిపించనిచ్చాను.

తర్వాతి సోమవారం, డాక్టరు దగ్గర. ఎంపికలకు పేర్లు పంపే గడువు ఆ వారమే. వెయిటింగ్ రూములో విజయ నా పక్కన, స్వప్న ఎదుటి బెంచీ మీద. అది నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది, అంటే మాత్రలు వేసుకున్నారా, సంచీ ఎక్కడ. కాంపౌండరు తల బయట పెట్టాడు.

"పేషెంటు తరఫువాళ్ళు."

నేను లేవబోయాను. స్వప్న లేచింది. "నేను పోత," అంది. విజయ దాని వెనకే వెళ్ళింది. తలుపు మూసుకుంది.

గొలుసు గ్లాసుతో నీళ్ళు తాగాను. ఆ గొలుసు దొంగతనానికి కాదని, కింద పడి పగలకుండా కట్టిందని అప్పుడు తోచింది. స్టీలు గ్లాసు పగలదని ఆ వెంటనే తోచింది. కొన్ని అనుమానాలు ఎక్కడికీ పోవు.

తలుపు తెరుచుకుంది. స్వప్న వచ్చింది. నన్ను చూడలేదు. నా ముందు నుంచే వెళ్ళింది. గది దాటేదాకా నడిచింది. వరండాలో అడుగులు దగ్గరపడ్డాయి. మెట్ల దగ్గర ఇక అవి అడుగులు కావు. రెండు అంతస్తులు టపటపటపమని ఒకే చప్పుడుగా కిందికి పోయింది.

"మెల్లగ! పడ్తవే!" అని విజయ అరుస్తూ వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, నవ్వుతోంది. "బీపీ తోని జర మందమైందట, అంతె. మందులేసుకుంటె తగ్గుతదట. మీ అన్నది తీరు కాదన్నడు. ఏడాదికోసారి చూపెట్టుకోమన్నడు, ఇద్దర్ని. పిల్లను ఉరకనియ్యుండ్రి అన్నడు."

ఆమె ఇంకా చెబుతూనే ఉంది, ఉప్పు గురించి అనుకుంటాను. నేను రెయిలింగు పట్టుకుని దిగడం మొదలుపెట్టాను. మొదటి మలుపులో స్వప్న చెప్పు ఒకటి పడి ఉంది. ఎడమ కాలిది. వంగి తీసుకున్నాను. డాక్టరు వంగొద్దని ఎప్పుడూ అనలేదు.

కింద నుంచి ఒక పెద్దాయన చేతిలో ఈసీజీ కాగితంతో ఎక్కుతున్నాడు. చేతిలో చెప్పుతో, తడి కళ్ళతో గుండె డాక్టరు దగ్గర్నుంచి దిగివస్తున్న నన్ను చూశాడు. పైకి ఒకసారి అనుమానంగా చూసి, గోడకు అంటుకుని నాకు దారి ఇచ్చాడు.